ప్రాధాన్య ప్రాంతాల జాబితా తయారుచేస్తున్నవారికి బహిరంగ లేఖ

విదేశాంగ శాఖల్లో ఏ ప్రాంతాలతో ప్రభుత్వ సంబంధాలకు ముందు చోటు ఇవ్వాలో నిర్ణయించే మంత్రులకు, కార్యదర్శులకు, ప్రణాళికా విభాగాల అధికారులకు

అయ్యా, అమ్మా,

ప్రభుత్వం మారినప్పుడో, ఖర్చులకు కోత పడినప్పుడో, ఎక్కడో యుద్ధం మొదలై పాత లెక్కలన్నీ తారుమారైనప్పుడో ప్రతి దేశపు విదేశాంగ శాఖలోనూ ఒకే కసరత్తు మొదలవుతుంది. ఏ ప్రాంతానికి ముందు చోటు ఇవ్వాలి, ఎక్కడ కొత్త రాయబార కార్యాలయం తెరవాలి, ఎక్కడ ఉన్నదాన్ని మూసెయ్యాలి, మంత్రిగారి విదేశీ పర్యటనల్లో ఎన్ని ఏ దిక్కుకు వెళ్లాలి అన్న ప్రశ్నలతో ఒక ఫైలు కదులుతుంది. ఆ ఫైలులో నోట్ రాసేవారికీ, దాని మీద సంతకం పెట్టేవారికీ ఈ లేఖ రాస్తున్నాను.

ఎంచుకోవడమే తప్పని నేను అనడం లేదు. ఐక్యరాజ్య సమితిలో 193 సభ్య దేశాలున్నాయి. వాటన్నింటితోనూ సమానంగా సంబంధాలు నడపగల ప్రభుత్వం ఎక్కడా లేదు. ఆస్ట్రేలియాలోని లోవీ ఇన్‌స్టిట్యూట్ 2024లో వెలువరించిన దౌత్య సూచీలో మొదటి స్థానంలో ఉన్న చైనాకు 274, రెండో స్థానంలో ఉన్న అమెరికాకు 271 దౌత్య కార్యాలయాలున్నాయి. కాన్సులేట్లను కూడా కలుపుకొని వేసిన లెక్క అది. అంత యంత్రాంగం ఉన్న దేశాలకే కొన్ని రాజధానుల్లో తమ మనిషంటూ ఉండడు. ఇక నలభై యాభై కార్యాలయాలతో నెట్టుకొచ్చే దేశాలకు ఎంపిక తప్పనిసరి. నా బాధంతా ఆ ఎంపిక జరిగే తీరు గురించి, ఎంపిక జరిగిన తర్వాత ఆ మాటను మనం నిలబెట్టుకునే తీరు గురించి.

రెండు ప్రభుత్వాల అధికారులు కూర్చుని ఒకరికొకరు ఏమి చేయాలో రాసుకునే ద్వైపాక్షిక సంయుక్త కమిషన్ సమావేశాలకు కాగితాలు సిద్ధం చేసి, మినిట్స్, అంటే అక్కడ ఒప్పుకున్నవాటి నమోదు, రాసే పనిలో నేను చాలా ఏళ్లు గడిపాను. అందులో ఒక సమావేశం గురించి చెప్పాలి; దేశాల పేర్లు అనవసరం. నాలుగేళ్ల విరామం తర్వాత అది జరిగింది. అవతలి పక్షం అధికారి వెనకటి సమావేశపు మినిట్స్ ప్రతిని వెంట తెచ్చుకున్నారు. మడతల దగ్గర కాగితం నలిగిపోయి ఉంది. మేము చేస్తామని ఒప్పుకున్న ప్రతి వాక్యం కిందా పెన్సిల్‌తో గీత గీసి, పక్కన మార్జిన్‌లో తేదీ వేసుకున్నారు. పశువైద్య ధ్రువపత్రాల పరస్పర గుర్తింపు, రెండు విశ్వవిద్యాలయాల మధ్య అధ్యాపకుల రాకపోకలు, వ్యాపార వీసా గడువు పెంపు, ఇలాంటివి తొమ్మిది అంశాలు. ఒక్కటీ జరగలేదు. మా వైపు కూర్చున్న ఆరుగురిలో వెనకటి సమావేశంలో ఉన్నది నేనొక్కడినే. ఈలోగా మా శాఖలో ఆ ప్రాంతపు పని చూసే డెస్క్ అధికారి మూడుసార్లు మారారు. అయినా ఆ ప్రాంతం అప్పటికి మా అధికారిక ప్రాధాన్య ప్రాంతాల్లో ఒకటి. మంత్రిగారి ప్రసంగాల్లో ఆ మాట తప్పకుండా ఉండేది. అవతలి అధికారి గొంతు పెంచలేదు. కాగితాన్ని నా వైపు తిప్పి, పెన్సిల్ గీతల మీద వేలు ఆనించి, వీటిని మళ్లీ రాద్దామా వద్దా అని మాత్రం అడిగారు. మళ్లీ రాశాం. ఎప్పటిలాగే చివరి పేరాలో, తదుపరి సమావేశం ఉభయులకూ వీలైన తేదీల్లో జరుగుతుందని రాశాం.

అప్పటి నుంచి ఏ ప్రభుత్వం ఏ ప్రాంతాన్ని ప్రాధాన్య ప్రాంతంగా ప్రకటించినా, అక్కడి పని ఎవరి చేతుల్లో ఉంది, వారు ఎంతకాలం ఆ పనిలో ఉంటారు, ఒప్పుకున్నదాంట్లో ఎంత పూర్తయింది అని చూడడం నాకు అలవాటైంది. ఈ లేఖలో నేను చెప్పదలచుకున్నది కూడా అదే: నిలబడగలిగినన్ని ప్రాంతాలనే ఎంచుకోండి, ఎంచుకున్న చోట కనీసం పదేళ్లు నిలబడండి.

జాబితా తయారుచేసేటప్పుడు మొదట బల్ల మీదికి వచ్చేది వాణిజ్య పట్టిక. ఏ దేశంతో ఎంత ఎగుమతి, ఎంత దిగుమతి అన్న అంకెలను పై నుంచి కిందికి పేర్చి, పైనున్న దేశాలు ఏ ప్రాంతంలో ఉంటే ఆ ప్రాంతానికే ప్రాధాన్యం ఇచ్చేస్తారు. చూడడానికి ఇది నిష్పాక్షికమైన పద్ధతిలాగే ఉంటుంది. కానీ రెండు దేశాల మధ్య వాణిజ్యం ప్రధానంగా వాటి ఆర్థిక వ్యవస్థల పరిమాణాన్ని బట్టి, వాటి మధ్య దూరాన్ని బట్టి ఉంటుందని డచ్ ఆర్థికవేత్త యాన్ టిన్‌బెర్గెన్ 1962లోనే చూపించారు. పెద్ద దేశంతోనో పక్క దేశంతోనో వ్యాపారం చాలావరకు దానంతటదే సాగుతుంది. అక్కడ వర్తకులు, బ్యాంకులు, విమాన సంస్థలు రాయబారి వచ్చేదాకా ఆగవు. ప్రభుత్వం పూనుకుంటే తప్ప పని మొదలుకాని చోట్లు వేరే ఉంటాయి. అలాంటి చోట పంపిన ఒక అధికారి వల్ల కలిగే మార్పు, ఇప్పటికే అరవైమంది ఉన్న రాజధానికి అరవై ఒకటో అధికారిని పంపితే కలిగే మార్పు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. పెద్ద రాజధానులను నిర్లక్ష్యం చెయ్యమని కాదు. వాటికి మీరు ఎలాగూ చోటు ఇస్తారు. మిగిలిన కొద్దిపాటి మనుషులను, డబ్బును ఎక్కడ పెట్టాలన్న దగ్గరే ఈ తేడా పనికొస్తుంది.

పైగా ఆ పట్టిక నిన్నటి సంగతే చెబుతుంది. 2021లో జర్మనీ దిగుమతి చేసుకున్న సహజ వాయువులో సగానికి పైగా రష్యా నుంచే వచ్చింది. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద దండయాత్ర మొదలయ్యాక నెల తిరక్కుండానే జర్మనీ ఆర్థిక వ్యవహారాల మంత్రి గ్యాస్ కోసం ఖతార్ వెళ్లారు. మే నెలలో ఆ దేశ ప్రభుత్వాధినేత అయిన ఛాన్సలర్ పశ్చిమ ఆఫ్రికాలోని సెనెగల్ వెళ్లినప్పుడు అక్కడి గ్యాస్ నిక్షేపాల గురించి మాట్లాడారు. వెళ్లడంలో తప్పేమీ లేదు. కానీ అవసరం వెనక నుంచి తరుముతుండగా వెళ్లినవారికి బేరమాడే వీలు తక్కువ. అవతలివారికీ ఆ సంగతి తెలుసు. అలాగే బ్యాటరీలకు కావలసిన కోబాల్ట్‌లో ఇవాళ మూడింట రెండొంతులకు పైగా కాంగో ప్రజాస్వామ్య గణతంత్ర గనుల నుంచే వస్తోంది. ఇరవై ఐదేళ్ల కిందట ఆ దేశాన్ని వాణిజ్య పట్టికలో వెతికితే ఎంత కిందికి చూడాల్సి వచ్చేదో మీకు నేను చెప్పనక్కర్లేదు.

కొత్తగా ఎక్కడికి వెళ్లాలన్న చర్చకు ఇచ్చే సమయంలో పదో వంతు కూడా, ఉన్నచోటు నుంచి ఎందుకు వెళ్లిపోతున్నామన్న చర్చకు ఇవ్వరు. నన్ను అన్నిటికంటే కలతపెట్టే విషయం ఇది. అఫ్ఘానిస్థాన్ నుంచి సోవియట్ సేనల ఉపసంహరణ 1989 ఫిబ్రవరి 15న పూర్తయింది. దానికి పదహారు రోజుల ముందే, జనవరి 30న, కాబూల్‌లో అమెరికా రాయబార కార్యాలయం మూతపడింది. భద్రత లేదన్న కారణం అబద్ధం కాదు. కానీ సోవియట్ సేనలు ఉన్నంతకాలం వాటితో పోరాడిన ముజాహిదీన్లకు ఆయుధాలు అందించిన దేశం, ఆ సేనలు వెళ్లిపోతున్న ఘడియలోనే తన మనుషులను కూడా వెనక్కి పిలుచుకుంది; ప్రాంతం ప్రాధాన్యం అక్కడితో అయిపోయింది. ఆ కార్యాలయం తిరిగి తెరుచుకున్నది 2001 డిసెంబరులో. ఈ మధ్య కాలంలోనే అంతర్యుద్ధం, తాలిబన్ల అధికారం, అల్ ఖైదా శిబిరాలు అన్నీ జరిగిపోయాయి. రాయబార కార్యాలయం తెరిచి ఉంటే అవి జరిగేవి కావని నేను అనలేను. జరుగుతున్నప్పుడు చూసి, ఎవరితో మాట్లాడాలో తెలిసి, రాజధానికి కబురు పంపే మనిషి ఆ నగరంలో లేకుండా పోయాడని మాత్రం అనగలను.

పసిఫిక్‌లోని సోలమన్ దీవుల సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942-43లో, అమెరికా జపాన్‌తో గ్వాడల్‌కెనాల్ యుద్ధం చేసిన ఆ దీవుల ప్రాముఖ్యం అమెరికాకు ఒకరు చెప్పాల్సినది కాదు. అయినా 1993లో ఆ దీవుల రాజధాని హోనియారాలోని రాయబార కార్యాలయాన్ని మూసేసి, ఆ బాధ్యతను పాపువా న్యూగినీ రాజధాని పోర్ట్ మోర్స్‌బీలోని రాయబారికి అప్పగించింది. 2019 సెప్టెంబరులో సోలమన్ దీవులు తైవాన్‌తో సంబంధాలు తెంచుకుని, బీజింగ్‌లోని చైనా ప్రభుత్వాన్ని గుర్తించాయి. 2022 ఏప్రిల్‌లో చైనాతో భద్రతా ఒప్పందం కుదుర్చుకున్నాయి. 2023 ఫిబ్రవరిలో హోనియారాలో అమెరికా రాయబార కార్యాలయం మళ్లీ తెరుచుకుంది. బ్రిటన్ కూడా 2000ల మధ్యలో పసిఫిక్‌లోని తన చిన్న కార్యాలయాలు కొన్నింటిని మూసేసి, 2018లో వనువాటు, టోంగా, సమోవాల్లో కార్యాలయాలు తెరుస్తామని ప్రకటించింది. అవతలివారు ఈ తేదీలను మనకంటే బాగా గుర్తుపెట్టుకుంటారు. మూడో దేశం వచ్చిందని తెలిశాక తిరిగొచ్చినవారిని, మీరు మా కోసం వచ్చారా, వాళ్ల కోసం వచ్చారా అని అడగడం వారికి న్యాయమే.

చిన్న కార్యాలయం మూస్తే మిగిలేది ఎంతో ఒక్కసారి లెక్క చూడండి. ఇద్దరు ముగ్గురు అధికారులు, అద్దె ఇల్లు, ఒక కారు, స్థానికంగా పెట్టుకున్న నలుగురు సిబ్బంది. ఆ నలుగురిలో తప్పకుండా ఒకరుంటారు: పదిహేను ఇరవై ఏళ్లుగా అదే బల్ల దగ్గర కూర్చుని, ఏ శాఖలో ఏ పనికి ఎవరిని కలవాలో, ఏ మంత్రి కార్యదర్శి ఒకప్పుడు మన స్కాలర్‌షిప్ మీద చదువుకున్నారో, ఓడరేవులో చిక్కుకున్న నావికుడి కోసం అర్ధరాత్రి ఎవరికి ఫోన్ చెయ్యాలో తెలిసినవారు. నాకు తెలిసిన అలాంటి ఒకావిడ దగ్గర అట్ట ఊడిపోయిన నోట్‌బుక్ ఉండేది; మారిన నంబర్లను కొట్టేసి పక్కనే కొత్తవి రాసి, ఒక్కో పేజీలో నాలుగు రంగుల సిరా కనిపించేది. రాయబారులు మూడేళ్లకోసారి మారేవారు, నోట్‌బుక్ మాత్రం అక్కడే ఉండేది. కార్యాలయాన్ని మూసినప్పుడు కుర్చీలకు, కారుకు జాబితా రాశారు. ఆ నోట్‌బుక్ ఏమైందని ఎవరూ అడగలేదు. అది ఆమెతో పాటు ఇంటికి వెళ్లిపోయింది. పదేళ్ల తర్వాత తిరిగి తెరవాలనుకుంటే భవనం దొరుకుతుంది, ఆ పరిచయాలు దొరకవు.

నిలకడగా ఉన్నందుకు ఫలితం వెంటనే రాదు, అందుకే బహుశా దానికి ఓట్లు తక్కువ. అమెరికా, చైనాల మధ్య దౌత్య సంబంధాలు లేని కాలంలో, 1955 నుంచి 1970 వరకు, మొదట జెనీవాలో, తర్వాత వార్సాలో ఇరు దేశాల రాయబారులు 136 సార్లు కూర్చుని మాట్లాడుకున్నారు. చాలా సమావేశాల్లో ఇరుపక్షాలూ ముందే రాసుకొచ్చిన ప్రకటనలు చదివి లేచిపోయారు. 1971 జూలైలో అమెరికా అధ్యక్షుడి సలహాదారు కిసింజర్ రహస్యంగా బీజింగ్ వెళ్లడం, 1972 ఫిబ్రవరిలో అధ్యక్షుడు నిక్సన్ చైనా పర్యటన అందరికీ గుర్తుంటాయి. ఆ పర్యటనకు దారి అనేక కారణాల వల్ల పడింది, నిజమే. కానీ బద్ధశత్రుత్వం నడిచిన పదిహేనేళ్లలోనూ ఒక గదిని, ఒక బల్లను, ఎదురెదురుగా కూర్చునే ఇద్దరు మనుషులను నిలిపి ఉంచిన ఓపికను నేను చిన్నది అనుకోను. ఆ 136 సమావేశాలకు మినిట్స్ రాసినవారెవరో చరిత్ర చెప్పదు, వారికి నా నమస్కారం.

ఆఫ్రికాతో తుర్కియే (టర్కీ) నడిచిన దారి చూడండి. 2002లో ఆ ఖండంలో పన్నెండు తుర్కియే రాయబార కార్యాలయాలుండేవి. రెండు దశాబ్దాల్లో అవి నలభై నాలుగయ్యాయి. అంకె కంటే నాకు ముఖ్యమనిపించేది సోమాలియా రాజధాని మొగదిషు. 2011 ఆగస్టులో కరవుతో అల్లాడుతున్న సోమాలియాకు అప్పటి ప్రధాని ఎర్దొగాన్ కుటుంబంతో సహా వెళ్లారు. చాలా దేశాలు సోమాలియా వ్యవహారాలను పొరుగున ఉన్న కెన్యా రాజధాని నైరోబీలో కూర్చుని చూసుకుంటున్న రోజులవి. ఆ ఏడాదే తుర్కియే తన రాయబార కార్యాలయాన్ని మొగదిషులోనే తిరిగి తెరిచింది, 2012 మార్చిలో తుర్కిష్ ఎయిర్‌లైన్స్ విమానాలు మొదలయ్యాయి. స్వప్రయోజనం లేదని ఎవరూ అనరు. ఎంచుకున్న చోటికి వెళ్లి, అక్కడే ఉండి, ఒకటి తర్వాత ఒకటి పని చేశారన్నదే ఇక్కడ గమనించాల్సినది. చైనా విదేశాంగ మంత్రి 1991 నుంచి ప్రతి ఏటా తొలి విదేశీ పర్యటనగా ఆఫ్రికాకే వెళ్తున్నారు. మంత్రులు మారినా ఆ అలవాటు మారలేదు. చైనా విధానాల మీద ఎన్ని విమర్శలున్నా, జనవరి వచ్చిందంటే ఎవరో ఒకరు వస్తారన్న నమ్మకాన్ని ఆ ఒక్క అలవాటు కలిగించింది.

జపాన్ 1993లో మొదలుపెట్టిన టోక్యో ఆఫ్రికా అభివృద్ధి సదస్సు అదే పేరుతో ఇప్పటికీ నడుస్తోంది. 2016లో నైరోబీలో, తొలిసారి ఆఫ్రికా గడ్డ మీద జరిగింది. దక్షిణ కొరియా 2017లో ఆగ్నేయాసియా, భారత్‌ల కోసం నూతన దక్షిణ విధానాన్ని ప్రకటించింది. 2022లో వచ్చిన ప్రభుత్వం దాన్ని పక్కనపెట్టి ఇండో-పసిఫిక్ వ్యూహాన్ని తెచ్చింది. పని కొంత కొనసాగి ఉండవచ్చు. అయినా అవతలి రాజధానుల్లో కూర్చున్న అధికారి పాత పేరుతో ఉన్న ఫైలును మూసి కొత్త పేరుతో మరొకటి తెరవాలి, పాత హామీలు కొత్త ఫైలులోకి వచ్చాయో లేదో అడిగి తెలుసుకోవాలి. ప్రభుత్వం మారగానే పేరు మార్చాలన్న కోరికను దయచేసి అదుపులో పెట్టుకోండి.

ప్రాంతం అన్న మాటను కూడా కాస్త జాగ్రత్తగా చూడాలి. మన శాఖల్లో ప్రాంతాలు చాలాసార్లు డెస్కుల సౌకర్యం కోసం గీసుకున్న గీతలు. ఐక్యరాజ్య సమితిలో ఆఫ్రికా దేశాలు 54. వాటన్నింటికీ కలిపి ఒకే విధాన పత్రం రాసి, ఆఫ్రికాకు ప్రాధాన్యం ఇచ్చామనడం ఆ 54లో ఏ ఒక్కదానికీ ప్రాధాన్యం ఇవ్వకపోవడమే. గీత గీసే ముందు అక్కడివారు తమను తాము ఎలా కూర్చుకున్నారో చూడడం మంచిది. ఆగ్నేయాసియాలో ఐదు దేశాలు 1967లో బ్యాంకాక్‌లో కూర్చుని తమ ప్రాంతీయ కూటమి ఆసియాన్‌ను స్థాపించుకున్నాయి. ఆఫ్రికన్ యూనియన్ కేంద్రం ఇథియోపియా రాజధాని అడిస్ అబాబాలో ఉంది, పసిఫిక్ దీవుల ఫోరం సచివాలయం ఫిజీ రాజధాని సువాలో ఉంది. మనుషులు తక్కువగా ఉన్న ప్రభుత్వం ఇలాంటి నగరాల్లో ఒక మంచి బృందాన్ని పెడితే, ఒకేచోట నుంచి చాలామందిని కలుసుకోగలుగుతుంది. చరిత్ర బంధాలు, భాషా బంధాలు, వలస వెళ్లిన మన పౌరుల సంఖ్య వంటివి మీ నోట్‌లో ఎలాగూ ఉంటాయి. వాటి గురించి నేను వేరే చెప్పనక్కర్లేదు.

చిన్న దేశాలను చివరి పేజీకి నెట్టే అలవాటు గురించి ఒక్క ఉదాహరణ. 2020 జూన్‌లో భద్రతా మండలిలో రెండు తాత్కాలిక స్థానాలకు నార్వే, ఐర్లండ్, కెనడా పోటీపడ్డాయి. గెలవడానికి 128 ఓట్లు కావాలి. నార్వేకు 130, ఐర్లండ్‌కు సరిగ్గా 128, కెనడాకు 108 వచ్చాయి. ఐర్లండ్ 2019లోనే చిన్న ద్వీప దేశాలతో భాగస్వామ్యం కోసం ప్రత్యేక విధానం ప్రకటించి ఉంది. గెలుపుకు అదొక్కటే కారణమని చెప్పను. ఒక్క ఓటు తగ్గినా రెండో రౌండుకు వెళ్లాల్సిన చోట, పదివేల జనాభా ఉన్న దేశపు ఓటు కూడా పెద్ద దేశపు ఓటుతో సమానంగా లెక్కకు వచ్చింది.

అన్నిచోట్లా ఉండలేకపోతే వేరే మార్గాలున్నాయి. దౌత్య సంబంధాల నియమాలు చెప్పే 1961 నాటి వియన్నా ఒప్పందం ఐదో అధికరణం ఒకే రాయబారిని ఒకటికి మించిన దేశాలకు నియమించనిస్తుంది. ఆరో అధికరణం ప్రకారం అనేక దేశాలు కలిసి ఒకే వ్యక్తిని తమ రాయబారిగా పంపుకోవచ్చు. డెన్మార్క్, ఫిన్లాండ్, ఐస్లాండ్, నార్వే, స్వీడన్ 1999 నుంచి బెర్లిన్‌లో ఒకే ఆవరణలో తమ రాయబార కార్యాలయాలను నడుపుతున్నాయి. అయితే ఐదు దేశాలకు ఒకే రాయబారిని నియమించి, ఏడాదికొకసారి ఒక్కో రాజధానికి రెండు రోజులు పంపితే అది ఉన్నట్టు కాదని ఆ పని చేసినవారందరికీ తెలుసు. పొరుగు రాజధాని నుంచి చూసే ప్రతి దేశంలోనూ కనీసం ఒక్క అధికారి, ఒక్క గది, ఎప్పుడు చేసినా తీసే ఒక్క ఫోన్ నంబరు ఉండేలా చూడండి.

మీ ముందున్న జాబితా విషయంలో నా విన్నపాలు చెప్పి ముగిస్తాను. ఏ ప్రాంతాలకు ప్రాధాన్యం పెంచుతున్నారో ప్రకటించినప్పుడు, ఏ ప్రాంతాలకు తగ్గిస్తున్నారో కూడా అదే పత్రంలో రాయండి. తగ్గించబోయే దేశాలకు ఆ మాట పత్రికల ద్వారా కాకుండా మీ రాయబారి స్వయంగా వెళ్లి చెప్పేలా చూడండి. ప్రాధాన్య ప్రాంతపు డెస్క్ అధికారిని ఐదేళ్లలోపు కదిలించకండి, కదిలిస్తే కొత్తవారితో కనీసం మూడు నెలలు కలిసి పని చేయించండి. పదేళ్లకు సరిపడా మనుషులు, డబ్బు కేటాయించలేని ప్రాంతాన్ని జాబితాలో చేర్చకండి. ఎనిమిది ప్రాంతాల పేర్లు రాసి రెండింట్లో పని చేయడం కంటే, మొదటే రెండింటి పేర్లు రాయడం అవతలివారికి గౌరవం, మనకు మర్యాద. ఏదైనా కార్యాలయాన్ని మూసే ప్రతిపాదన వస్తే, అక్కడి స్థానిక సిబ్బందితో మాట్లాడి రాసిన నోట్ ఫైలులో ఉంటే తప్ప సంతకం పెట్టకండి.

అన్నింటికంటే ముందు, జాబితా ఖరారు చేసే రోజున, గడిచిన పదేళ్ల సంయుక్త కమిషన్ సమావేశాల మినిట్స్ తెప్పించి చదవండి. ప్రతి శాఖలోనూ అవి అల్మరాల్లో ఉంటాయి. ఏ దేశానికి ఏమి ఒప్పుకున్నాం, ఏది చేశాం, ఏది రెండుసార్లు మూడుసార్లు అదే వాక్యంతో తిరిగి రాశాం అన్నది వాటిలో స్పష్టంగా కనిపిస్తుంది. కొత్త ప్రాంతాల పేర్లు రాసే ముందు, ఆ పాత వాక్యాల్లో ఇంకా బాకీ ఉన్నవాటికి ఒక్కొక్కదానికీ ఒక అధికారి పేరు, ఒక తేదీ వేయించండి.

భవదీయుడు,
సంయుక్త కమిషన్ సమావేశాలకు మినిట్స్ రాసిన ఒక మాజీ ఉద్యోగి